మొహంలో కళ తప్పిన పిల్లల ఫోటోలు: ఏ ఎడిటింగ్ దారి ఎవరికి సరిపోతుంది

పాప పట్టులంగా కట్టుకుని నిండుగా నవ్వుతోంది, ఫోకస్ సరిగ్గానే కుదిరింది, వెనకాల చెత్తాచెదారం కూడా ఏమీ లేదు, అయినా ఫోటోలో కళ లేదు. బెంగళూరులో పిల్లల ఫోటోలు తీసేవాళ్లకి ఇది బాగా తెలిసిన బాధే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆకాశం మబ్బు పట్టే ఉంటుంది. మిగతా నెలల్లో పార్కుకి తీసుకెళ్తే చెట్ల నీడ, ఇంట్లో తీద్దామంటే బాల్కనీకి ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ గోడ. సరే, ఎడిట్ చేద్దామని కూర్చుంటే యాప్‌లు బోలెడు, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. ఫోన్‌లో ఉన్నది చాలదా, డబ్బు కట్టి లైట్‌రూమ్ తీసుకోవాలా, ఏఐ యాప్‌కి వదిలేయాలా, లేక స్టూడియో అబ్బాయికే ఇచ్చేయాలా?

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. పిల్లల ఫోటో విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఒక్కటే: మొహాన్ని మాత్రమే విడిగా పట్టుకుని, చర్మం రంగు చెడకుండా వెలుగు పెంచే వీలు ఆ పనిముట్టులో ఉందా? ఉంటే అది ఉచితమైనా చాలు. లేకపోతే ఎంత ఖరీదైనదైనా ఈ పనికి దండగ.

## ముందు డల్ ఎందుకైందో తేల్చుకోండి

డల్‌గా వచ్చిన ఫోటోలన్నిటికీ కారణం ఒకటే కాదు. కారణం తెలియకుండా బ్రైట్‌నెస్ లాగేస్తూ పోతే ఫోటో ఇంకా పాడవుతుంది.

ఎక్కువగా జరిగేది మొహం చీకటి పడటం. వెనక కిటికీయో ఆకాశమో ఉంటే కెమెరా మొత్తం దృశ్యాన్ని సగటున ఒక మధ్యస్థ బూడిద రంగు స్థాయికి తేవాలని చూస్తుంది, ఆ లెక్కలో వెనకది బాగానే వస్తుంది, పిల్లాడి మొహం మాత్రం నల్లబడుతుంది. ఫోన్లు మొహాన్ని గుర్తుపట్టి కొంత సర్దుతాయి గానీ వెలుగు తేడా మరీ ఎక్కువైతే వాటి వల్ల కూడా కాదు.

రెండోది, ఫోటో అంతా బూడిద పూసినట్టు ఉండటం. అసలైన నలుపు లేదు, అసలైన తెలుపు లేదు, అన్నీ మధ్యలోనే కుప్పపడి ఉంటాయి. మబ్బు వెలుతురులో ఇది సహజమే. కానీ చాలాసార్లు కారణం అంతకన్నా చిన్నది: ఫోన్ లెన్స్ మీద వేలిముద్రలు. పిల్లలున్న ఇంట్లో ఫోన్ ఎవరి చేతుల్లో నలుగుతుందో చెప్పక్కర్లేదు కదా. బిస్కెట్ తిన్న చేత్తో పట్టుకున్న లెన్స్‌తో తీస్తే ఫోటో మీద పల్చటి పొగమంచు పరిచినట్టే వస్తుంది. తీసే ముందు మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిస్తే సగం ఎడిటింగ్ తప్పుతుంది.

మూడోది రంగు మరక. కబ్బన్ పార్కులోనో లాల్‌బాగ్‌లోనో పెద్ద చెట్ల కింద, గడ్డి మీద తీసిన ఫోటోల్లో గడ్డం కింద, బుగ్గల పక్కన ఆకుపచ్చ ఛాయ పడుతుంది. ఎండ రోజు నీడలో నిలబెడితే నీలం వస్తుంది, ఎందుకంటే అక్కడ వెలుతురు సూర్యుడిది కాదు, నీలాకాశానిది. గులాబీ రంగు గోడ పక్కన నిలబెడితే అదీ మొహం మీదికి ఎక్కుతుంది. చామనచాయ చర్మం మీద ఆకుపచ్చ పడితే పిల్ల నీరసంగా, జ్వరం వచ్చి లేచినట్టు కనిపిస్తుంది. డల్ అని మనం తిట్టుకునే ఫోటోల్లో చాలా వాటికి అసలు సంగతి ఇదే.

నాలుగోది కళ్లు. వెలుతురు నెత్తి మీది నుంచి పడితే కనుగుంటలు నీడలో పడతాయి, కంట్లో మెరిసే ఆ చిన్న తెల్లచుక్క ఉండదు. అది లేని మొహం ఎంత వెలుగు పెంచినా నిద్రమొహంలాగే ఉంటుంది.

ఏది కారణమో పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఫోటోని కాసేపు బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఠక్కున బాగుందనిపిస్తే మీ సమస్య రంగుది, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా ఫోటో రంగుని సర్దే సెట్టింగ్) సరిచేస్తే చాలు. బ్లాక్ అండ్ వైట్‌లో కూడా చప్పగానే ఉంటే సమస్య వెలుగుది, కాంట్రాస్ట్‌ది. ఫోటో షేక్ అయినా, వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి నలిగిపోయినా, ఈ వ్యాసంలోని ఏ దారీ దాన్ని పూర్తిగా బాగుచేయదు.

## వేటిని బట్టి ఎంచుకోవాలి

మొహాన్ని విడిగా ఎడిట్ చేసే వీలు. పైన చెప్పిందే. మొహం చీకటిగా ఉందని ఫోటో మొత్తం బ్రైట్‌నెస్ పెంచడం ఒకరి విస్తట్లో ఉప్పు చాలలేదని గుండిగ మొత్తానికి ఉప్పు వేసినట్టు ఉంటుంది. ఆకాశం తెల్లగా పోతుంది, పట్టుచీర జరీ అంచు కాలిపోతుంది, మొహం మాత్రం అంతంత మాత్రమే.

చర్మం రంగు మీద అదుపు. డల్‌గా ఉంది అంటే తెల్లగా చేయమని కాదు, ఈ రెండూ కలిపేసే యాప్‌లు చాలా ఉన్నాయి, మన బంధువుల్లోనూ ఉన్నారనుకోండి. మన పిల్లల చర్మం రంగు ఎక్కువగా ఆరెంజ్, ఎరుపు భాగాల్లో ఉంటుంది. ఏ రంగుని ఎంత ముట్టుకోవాలో విడివిడిగా చెప్పే వీలుంటే మంచిది. ఆ వీలు లేని చోట కనీసం సాచురేషన్ బదులు వైబ్రెన్స్ వాడండి. సాచురేషన్ అన్ని రంగుల్నీ ఒకేలా పెంచుతుంది కాబట్టి బుగ్గలు నారింజపండు రంగుకి వెళ్తాయి. వైబ్రెన్స్ తక్కువగా ఉన్న రంగుల్ని ఎక్కువగా పెంచి, చర్మం రంగుల జోలికి అంతగా పోదు.

వెనక్కి వెళ్లే వీలు. ఈ రోజు నచ్చిన ఎడిట్ రేపు పొద్దున చూస్తే అతిగా అనిపిస్తుంది. ఒరిజినల్ అలాగే ఉండాలి, ఒక్కో మార్పునీ విడిగా తగ్గించుకునే వీలుండాలి.

ఫోటో ఎక్కడికి పోతోంది. ఎడిటింగ్ మీ ఫోన్‌లోనే జరుగుతోందా, లేక పిల్లాడి మొహం ఎవరిదో సర్వర్‌కి వెళ్లి వస్తోందా? మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతిని సరిచూసుకుని తీసుకోవాలంటుంది. కానీ షరతులు చదవకుండా ఓకే నొక్కేది మనమే కదా.

టైమ్, డబ్బు సంగతి ఎవరికి వాళ్లకి తెలుసు. ఒక్క ఫోటోకి అరగంట కూర్చోవడం సరదాగా ఉంటుంది, పుట్టినరోజు ఫోటోలు మూడొందలు ఉంటే అదే శిక్ష.

| దారి | మొహం విడిగా | చర్మం రంగు అదుపు | వెనక్కి వెళ్లడం | ఎక్కువ ఫోటోలకి | ఖర్చు |
|---|---|---|---|---|---|
| ఫోన్ గ్యాలరీ, గూగుల్ ఫోటోస్ | కొంతవరకు | తక్కువ | ఉంది | సులువు | లేదు |
| స్నాప్‌సీడ్ | బాగా ఉంది | బాగుంది | ఉంది | కష్టం | లేదు |
| లైట్‌రూమ్ మొబైల్ | డబ్బు కడితే చాలా బాగా | చాలా బాగుంది | ఉంది | డబ్బు కడితే సులువు | సగం ఉచితం, సగం చందా |
| కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ | చాలా బాగా | చాలా బాగుంది | ఉంది | చాలా సులువు | ఉచితం నుంచి చందా దాకా |
| బ్యూటీ, ఏఐ యాప్‌లు | అదే చేస్తుంది, మీ మాట వినదు | దాదాపు లేదు | అంతంత మాత్రం | సులువు | యాప్‌ని బట్టి |
| స్టూడియో | మనిషి చేస్తాడు | మీరు చెప్పేదాన్ని బట్టి | మళ్లీ అడగాలి | డబ్బుని బట్టి | ఉంది |

## ఫోన్‌లో ఉన్నదే వాడితే

వాట్సాప్‌లో నెల్లూరికో అనంతపురానికో పంపేసే ఫోటోలకి ఇది చాలు, ఇంతకన్నా పెద్ద యాప్ తెరవడం టైమ్ వేస్ట్. ఐఫోన్‌లో బ్రిలియన్స్ అనే స్లైడర్ చీకటి భాగాల్ని లేపి, వెలుగు ఎక్కువైన చోట తగ్గించి ఒక్క దెబ్బకి మంచి ఫలితం ఇస్తుంది. దానికి తోడు బ్లాక్ పాయింట్ (చీకటి భాగాల్ని అసలైన నలుపు వైపు తెచ్చే స్లైడర్) కొంచెం పెంచితే ఆ బూడిద పూత పోతుంది. గూగుల్ ఫోటోస్‌లో పోర్ట్రెయిట్ లైట్ ఉంది, మొహం మీద ఎటు నుంచి వెలుగు పడాలో వేలితో జరిపి పెట్టుకోవచ్చు. ఇలాంటి పనిముట్లు కొన్ని మొదట్లో పిక్సెల్ ఫోన్లకి, చందా కట్టినవాళ్లకే ఉండేవి, 2024 మే నుంచి మామూలు ఫోన్లకి కూడా ఉచితంగా ఇచ్చారు. పోర్ట్రెయిట్ లైట్‌ని సగానికి మించి పెంచకండి. పెంచితే మొహం ఒక్కటే వెలిగిపోయి మెడ చీకట్లో ఉండిపోతుంది, అతికించిన తలలాగా.

ఆటో బటన్ మాటేమిటంటే, మబ్బు రోజు తీసిన ఫోటోలకి బాగానే పనిచేస్తుంది. కానీ ఎర్ర పట్టులంగా, పసుపు బంతిపూల దండలు ఫ్రేమంతా నిండి ఉంటే ఆ వెచ్చటి రంగులన్నీ తప్పు వెలుతురు వల్ల వచ్చినవేమో అనుకుని చల్లబరిచేస్తుంది, పాప మొహం నీలంగా పాలిపోతుంది. పండగ ఫోటోలకి ఆటో నొక్కి ఆగిపోకండి, వార్మ్‌త్ ఒక్కసారి చేత్తో సరిచూసుకోండి.

## స్నాప్‌సీడ్: ఎక్కువమందికి ఇదే అని నా ఓటు

నిక్ సాఫ్ట్‌వేర్ వాళ్లు చేసిన యాప్ ఇది. 2012లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. అప్పటి నుంచి ఉచితమే, ప్రకటనలు లేవు. పాత యాప్ అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు గానీ, మొహం ఒక్కదాన్నే పట్టుకునే పనిలో దీన్ని డబ్బు లేకుండా మించేది నాకు కనిపించలేదు. పనంతా ఎలా సాగుతుందో ఒక్క ఫోటో మీద చెప్తాను.

లాల్‌బాగ్‌లో చెట్టు కింద నిలబడ్డ నాలుగేళ్ల పాప అనుకోండి. తెల్ల గౌను, బుగ్గన దిష్టి చుక్క, వెనక ఎండ పడుతున్న పచ్చిక. ఫోటోలో పచ్చిక బ్రహ్మాండంగా ఉంది, పాప మొహం ముదురుగా, కొంచెం ఆకుపచ్చగా ఉంది.

మొదట వైట్ బ్యాలెన్స్. ఇక్కడ టింట్‌ని కొద్దిగా గులాబీ వైపు జరపండి. ఎంత అంటే, గౌను తెల్లగా కనిపించేంత. మొహం చూస్తూ జరిపితే కన్ను మోసపోతుంది, గౌను మీదో కంటి తెల్లగుడ్డు మీదో చూపు పెట్టుకోండి. రంగు ముందు, వెలుగు తర్వాత: ఈ వరస మార్చకండి. ఆకుపచ్చ మరక ఉండగానే వెలుగు పెంచితే ఆ మరక కూడా పెరుగుతుంది.

తర్వాత ట్యూన్ ఇమేజ్. హైలైట్స్ తగ్గించండి, పచ్చిక మీది ఎండ శాంతిస్తుంది. షాడోస్ కొంచెం పెంచండి. యాంబియన్స్ అని ఒకటుంటుంది, అది చీకటినీ వెలుగునీ సర్దుతూ రంగుని కూడా కొంచెం లేపుతుంది, పదో పదిహేనో చాలు, యాభై దాటితే ఫోటో పెళ్లి ఫ్లెక్సీలా తయారవుతుంది.

ఇప్పుడు అసలు పని, సెలెక్టివ్. పాప బుగ్గ మీద వేలు పెట్టి ఒక చుక్క వేయండి. రెండు వేళ్లతో చిటికెలా దగ్గరికి తెచ్చి, దూరం జరిపి చూస్తే ఆ చుక్క ఎంతవరకు పనిచేస్తుందో ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు మొహం మీద పరుచుకుని, జుట్టునీ వెనకున్న పచ్చికనీ వదిలేసేదాకా సర్దండి. ఇది కేవలం గుండ్రటి గీత కాదు, మీరు వేలు పెట్టిన చోటి రంగుకి దగ్గరగా ఉన్నవాటినే ఎంచుకుంటుంది, అందుకే చెంప పక్కనున్న నల్లజుట్టు తెల్లబడదు. వేలు పక్కకి జరిపి బ్రైట్‌నెస్ ఇరవై, పాతిక దాకా పెంచండి. అక్కడితో ఆపకుండా మెడ మీద ఇంకో చుక్క వేసి దాన్ని పది పన్నెండు పెంచండి. మెడ సంగతి చాలామంది మరిచిపోతారు, ఎడిట్ చేసిన ఫోటో అని ఇట్టే పట్టించేది అదే.

కళ్లకి బ్రష్‌లో డాడ్జ్ అండ్ బర్న్ (వేలితో రాసిన చోట వెలుగు పెంచేది, తగ్గించేది) తీసుకుని, బాగా జూమ్ చేసి, కనుపాప కింది సగం మీద ఒక్కసారి రాయండి, రెండోసారి వద్దు. తెల్లగుడ్డు జోలికి పోకండి, అది ట్యూబ్‌లైట్‌లా వెలిగితే పిల్ల దయ్యంలా కనిపిస్తుంది. డీటెయిల్స్‌లో ఉండే స్ట్రక్చర్‌ని మొహం మీద వాడొద్దు, లేత చర్మం గరుకుగా తేలుతుంది.

చేసిన పనులన్నీ వ్యూ ఎడిట్స్‌లో వరసగా ఉంటాయి, ఏ మెట్టునైనా తెరిచి తగ్గించుకోవచ్చు. సెట్టింగ్స్‌లో జేపెగ్ నాణ్యత పూర్తిగా పెట్టి, సైజు తగ్గించొద్దని ఎంచుకోండి.

లోటు కూడా ఉంది. ఒక్కో ఫోటోకి ఇంత చేయాలి. చేసిన మార్పుల్ని ఒక లుక్‌గా దాచుకుని ఇంకో ఫోటోకి వేయొచ్చు గానీ పాప కదిలితే సెలెక్టివ్ చుక్కలు ఉన్న చోటే ఉంటాయి, మొహం మాత్రం ఇంకోచోట ఉంటుంది.

## లైట్‌రూమ్ మొబైల్

ఉచితంగా వాడుకునే భాగంలో కూడా వెలుగు, రంగు స్లైడర్లన్నీ ఉంటాయి, ముఖ్యంగా కలర్ మిక్స్. ఆరెంజ్ ఎంచుకుని ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) కొంచెం పెంచితే చామనచాయ మొహాలకి లోపలి నుంచి వెలుగొచ్చినట్టు ఉంటుంది, చర్మం రంగు మారకుండానే. అయిదు నుంచి పదిహేను మధ్యలో ఆగండి. అంతకు మించితే మళ్లీ తెల్లగా చేసే లెక్కలోకే వస్తుంది, పైగా చెక్క తలుపులు, ఇటుక గోడలు, గంధం పూసిన గుండు అన్నీ కలిసి వెలిసిపోతాయి.

మాస్కింగ్, మచ్చలు తుడిచే హీలింగ్, రా ఫైళ్ల (కెమెరా చూసినదాన్ని కుదించకుండా దాచే ఫైళ్లు) ఎడిటింగ్, ఒకేసారి చాలా ఫోటోలకి మార్పులు వేయడం లాంటి అసలు బలాలన్నీ చందా కట్టినవాళ్లకే. మాస్కింగ్ మాత్రం నిజంగా గొప్పగా ఉంటుంది: ఫోటోలో మనుషుల్ని అదే గుర్తుపట్టి మొహం చర్మం, కనుపాప, జుట్టు, బట్టలు విడివిడిగా చూపిస్తుంది. స్నాప్‌సీడ్‌లో చుక్కలు పెట్టి చేసిన పని ఇక్కడ రెండు నొక్కుళ్లలో అయిపోతుంది, పిల్ల కదిలినా కొత్త ఫోటోలో మొహాన్ని మళ్లీ వెతుక్కుంటుంది.

మరి చందా కట్టాలా? నెలకి నాలుగైదు ఫోటోలు సరిచేసేవాళ్లకి వద్దు అంటాను. ఏడాది పొడుగునా పిల్లల ఫోటోలు తీస్తూ, రా ఫైళ్లు తీసే కెమెరా ఉండి, ప్రతి పండక్కీ వందల ఫోటోలు పోగుచేసేవాళ్లకి కట్టిన డబ్బు టైమ్ రూపంలో తిరిగొస్తుంది. ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో వేసుకునే రెడీమేడ్ ఎడిట్లు, కొనేముందు మాత్రం ఆలోచించండి. అమ్మకానికి పెట్టేవాటిలో చాలావరకు తెల్లచర్మం పిల్లల ఫోటోల మీద తయారుచేసినవి, ఆరెంజ్‌ని గుంజేసి పీచ్ రంగు చేస్తాయి. మన పిల్లల మీద అవే వేస్తే మొహం ఇటుకపొడి రంగుకో బూడిద రంగుకో వెళ్తుంది.

## కంప్యూటర్ మీద చేయాలనుకుంటే

లైట్‌రూమ్ క్లాసిక్ చందాతోనే వస్తుంది. డార్క్‌టేబుల్ పూర్తి ఉచితం, రా ఫైళ్లని బాగా చూసుకుంటుంది, కాకపోతే మొదటి వారం తలనొప్పి గ్యారంటీ. జింప్ 1996 నుంచి ఉంది, అదీ ఉచితమే. 2025లో వచ్చిన 3.0 వెర్షన్‌లో ఫిల్టర్లని తర్వాత కూడా మార్చుకునే వీలు పెట్టారు కాబట్టి పాత జింప్ చూసి వదిలేసినవాళ్లు మళ్లీ ఓ చూపు చూడొచ్చు.

కంప్యూటర్ దాకా వెళ్లడానికి నా దృష్టిలో గట్టి కారణం రా ఫైల్ ఒక్కటే. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో 16,384. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న పిల్లాడి మొహాన్ని జేపెగ్‌లో బాగా లేపితే బుగ్గల మీద ఎరుపు పచ్చ చుక్కలు, మచ్చలు మచ్చలుగా చారలు వస్తాయి. అదే రా ఫైల్‌లో అంతే వెలుగు లేపినా చర్మం శుభ్రంగా ఉంటుంది. చాలా ఫోన్లలో ప్రో మోడ్‌కి వెళ్తే డీఎన్‌జీ అనే రా ఫైల్ తీసుకునే వీలుంది, దాన్ని స్నాప్‌సీడ్ కూడా తెరుస్తుంది.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని వైట్స్ స్లైడర్ జరపండి, తెర అంతా నల్లబడి, కాలిపోతున్న చోట్లు మాత్రమే వెలుగుతాయి. నుదురు వెలగడం మొదలైతే వెంటనే వెనక్కి తగ్గండి. జరీ అంచు ఒక్కటే వెలుగుతుంటే ఫర్వాలేదు.

## ఒక్క నొక్కుడు బ్యూటీ యాప్‌లు, ఏఐ యాప్‌లు

వీటి గురించి ఎక్కువ రాయాలని లేదు. పిల్లల చర్మం ఎలాగూ నునుపుగానే ఉంటుంది, దాన్ని మళ్లీ నునుపు చేస్తే మైనపు బొమ్మ వస్తుంది. బుగ్గన పెట్టిన దిష్టి చుక్కని మొటిమ అనుకుని తుడిచేస్తాయి, కాటుకని కంటి కింది నలుపు అనుకుని పలచన చేస్తాయి. నోట్లో పాలపన్ను ఊడిన సందుని పూడ్చేస్తాయి కూడా. ఆరేళ్ల పిల్లాడి ఫోటోలో ముద్దొచ్చేది ఆ సందే!

ముఖం వివరాలు తిరిగి తెప్పిస్తామనే ఏఐ యాప్‌లు ఇంకో అడుగు ముందుకెళ్తాయి. నిజానికి ఆ వివరాలు ఫోటోలో లేవు, అది వేల మొహాలు చూసి నేర్చుకున్నదాన్ని బట్టి ఊహించి గీస్తుంది. వచ్చేది అందంగానే ఉంటుంది, మీ పిల్లకి అక్కలాగా కూడా ఉంటుంది, మీ పిల్ల మాత్రం కాదు. పైగా ఎక్కువభాగం ఫోటోని సర్వర్‌కి పంపి చేసే పనులివి. తాతగారి పాత నలిగిన ఫోటో ఒక్కటే మిగిలితే వాడండి, కాదనను. ఫోన్‌లో ఒరిజినల్ చక్కగా ఉన్న పిల్లల ఫోటోకి అవసరం లేదు.

## స్టూడియోకి ఇస్తే

గోడకి పెట్టే పెద్ద ఫ్రేమ్, మొదటి పుట్టినరోజు ఆల్బమ్ లాంటివి అయితే మంచి దారే. చేయి తిరిగిన మనిషి పదినిమిషాల్లో చేసేది మనం గంట కూర్చున్నా రాదు. కానీ మీరు ఏమీ చెప్పకుండా ఇస్తే మొహం రెండు ఛాయలు తెల్లబడి, బుగ్గలు గులాబీ అయి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అడిగేవాళ్లలో ఎక్కువమంది కోరేది అదే. ఇలా చెప్పండి: "చర్మం రంగు మార్చొద్దు, స్మూత్ చేయొద్దు, దిష్టి చుక్క ఉంచండి, మొహం మీద వెలుగు మాత్రం పెంచండి." మారతహళ్ళి, కేఆర్ పురం వైపు అయితే తెలుగులోనే చెప్పినా పని జరిగిపోతుంది. ముందు ఒక్క ఫోటో చేయించి చూసి, నచ్చాకే మిగతావి ఇవ్వండి. రేటు ఫోటోకా, మొత్తానికా అన్నది కూడా ముందే మాట్లాడుకోండి. ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోనో డ్రైవ్ లింక్‌లోనో ఇవ్వండి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది సైజు తగ్గించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే తగ్గదు, అయితే అప్పుడు ఫోటో తీసిన లొకేషన్ కూడా ఫైల్‌తో పాటే వెళ్తుందని గుర్తుంచుకోండి.

## మరి మీకు ఏది?

ఇంట్లో చిన్నపిల్ల ఉండి, నిద్రే సరిగ్గా లేని అమ్మానాన్నలకి: ఫోన్ గ్యాలరీ, అంతే. బ్రైట్‌నెస్ కాకుండా షాడోస్, బ్లాక్ పాయింట్, వార్మ్‌త్ అనే మూడు స్లైడర్లు అలవాటు చేసుకోండి. అమ్మమ్మకి కావాల్సింది ఫోటో, హిస్టోగ్రామ్ కాదు.

నెలకి ఒకటో రెండో మంచి ఫోటోలు ఎంచుకుని ప్రింట్ వేయించే అలవాటున్నవాళ్లకి స్నాప్‌సీడ్. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రోడ్ల పక్కన గులాబీ టబెబూయా పూలు విరగబూసినప్పుడు పిల్లల్ని నిలబెట్టి తీసే ఫోటోలుంటాయి చూశారూ, వాటికి మరీ బాగా కుదురుతుంది. పూల గులాబీని ముట్టుకోకుండా మొహం ఒక్కదాన్నే లేపాలి కదా.

కెమెరా కొని ఊరికే పెట్టుకోకుండా వాడుతున్నవాళ్లు, అపార్ట్‌మెంట్‌లో పిల్లల పుట్టినరోజులకి ఫోటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదించాలనుకునేవాళ్లు లైట్‌రూమ్‌కి కట్టేయండి, లేదా ఓపికుంటే డార్క్‌టేబుల్ నేర్చుకోండి. ఇద్దరికీ ఒక హెచ్చరిక: పార్టీ హాల్లో ఊదా, నీలం ఎల్‌ఈడీ లైట్ల కింద తీసిన మొహాల రంగుని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిప్పలేదు, ఎందుకంటే ఆ వెలుతురులో మిగతా రంగులు అసలు లేవు. అలాంటివి బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, చక్కగా ఉంటాయి.

పాస్‌పోర్ట్ కోసమైతే ఎడిటింగ్ మాటే వద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో 4.5 × 3.5 సెంటీమీటర్ల ఫోటో పట్టుకెళ్లాలి, మొహం ఉన్నది ఉన్నట్టు కనిపించాలి. డల్‌గా ఉంటే కిటికీ ముందు కూర్చోబెట్టి మళ్లీ తీయండి.

ఏ దారి ఎంచుకున్నా ఎడిట్ చేసేటప్పుడు ఫోన్‌లో కళ్ల రక్షణ కోసం తెరని పసుపు చేసే మోడ్ ఆపేయండి, బ్రైట్‌నెస్ మధ్యలో పెట్టండి. పసుపు తెర మీద సరిచేసిన ఫోటో వేరే ఫోన్‌లో నీలంగా కనిపిస్తుంది. ప్రింట్‌కి వెళ్లేవాళ్లు సైజు కూడా చూసుకోవాలి: అంగుళానికి 300 చుక్కల లెక్కన 4 × 6 అంగుళాల ప్రింట్‌కి 1200 × 1800 పిక్సెళ్లు చాలు, 12 × 18 అంగుళాల ఫ్రేమ్‌కి 3600 × 5400 కావాలి. కాగితం తెరలాగా వెలగదు కాబట్టి ప్రింట్‌లో మొహం ఎప్పుడూ ఒక మెట్టు ముదురుగానే వస్తుంది. పెద్ద సైజు ఆర్డర్ ఇచ్చేముందు అదే ఫోటో ఒకటి 4 × 6లో తీయించి, పగటి వెలుతురులో ఫోన్ పక్కన పెట్టి చూడండి. ముదురుగా అనిపిస్తే మొహం మీది బ్రైట్‌నెస్ ఇంకొంచెం పెంచి, అప్పుడు పెద్దది వేయించండి.